ఎస్‌టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్లు తేటగానే ఉన్నాయి, మరి చెరువు ఎందుకు పచ్చబడుతోంది? అపార్ట్‌మెంట్ నుంచి పోయే నత్రజని, భాస్వరం తగ్గించడం ఎలా

"మా ఎస్‌టీపీ రోజూ నడుస్తూనే ఉంది. బయటికొచ్చే నీళ్లు గ్లాసులో పట్టి చూస్తే బోరు నీళ్లంత తేటగా ఉంటాయి, వాసన కూడా లేదు. అయినా వెనకాల చెరువులో గుర్రపు డెక్క ఎందుకు తగ్గట్లేదు?"

హైదరాబాద్‌లో చెరువు పక్కన ఉన్న అపార్ట్‌మెంట్ల కమిటీవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఇదే. మా అపార్ట్‌మెంట్‌లో ఆరేళ్లుగా ఎస్‌టీపీ సంగతి నేనే చూస్తున్నాను. మొదటి రెండేళ్లు నాదీ ఇదే ప్రశ్న. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పేకన్నా వరసగా రాస్తే పది కమిటీలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

యూరియా గింజలు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు తేటగానే ఉంటాయి. మురుగులో కరిగిన నత్రజని, భాస్వరం కూడా అంతే, కంటికి కనబడవు. ఒక మనిషి నుంచి రోజుకు సుమారు 8 గ్రాముల నత్రజని మురుగులోకి పోతుంది, అందులో ఎక్కువ భాగం మూత్రం నుంచే. 200 ఫ్లాట్లు, ఫ్లాటుకి నలుగురు అనుకుంటే రోజుకు 6.4 కిలోలు. యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి ఆ లెక్కన అది దాదాపు 14 కిలోల యూరియా. అంటే ఇంచుమించు మూడు రోజులకోసారి 45 కిలోల యూరియా బస్తా మీ గేటు దాటి చెరువులో పడుతున్నట్టు. ఇక గుర్రపు డెక్క ఎందుకు తగ్గుతుంది?

బీఓడీ (మురుగులో కుళ్లే పదార్థం ఎంతుందో చెప్పే కొలత) తగ్గించడానికి కట్టిన ప్లాంటు ఈ ఎరువును దానంతట అది తీసేయదు, మనం తీయించాలి. కొత్త ప్లాంటు అక్కర్లేదు. ఉన్నదాన్ని నడిపే తీరు మారిస్తే చాలావరకు తగ్గుతుంది.

గురి ఎంత పెట్టుకోవాలి? కేంద్ర పర్యావరణ శాఖ 2017 అక్టోబరులో ఇచ్చిన ఎస్‌టీపీ నోటిఫికేషన్‌లో నత్రజనికి గానీ భాస్వరానికి గానీ హద్దు లేదు. మీ ల్యాబ్ రిపోర్టుల్లో ఆ రెండు వరసలు కనబడకపోవడానికి అదొక కారణం. 2019 ఏప్రిల్ 30న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఇచ్చిన ఉత్తర్వులో మొత్తం నత్రజని లీటరుకు 10 మిల్లీగ్రాములు, చెరువుల్లోకి వదిలే నీళ్లలో మొత్తం భాస్వరం 1 మిల్లీగ్రాము అని ఉంది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన మీ కన్సెంట్ పత్రంలో ఏ అంకెలున్నాయో విడిగా చూసుకోండి, గురి మాత్రం 10, 1 పెట్టుకోండి.

ముందుగా సమకూర్చుకోవాల్సినవి

- బిల్డర్ ఇచ్చిన డ్రైనేజీ, వాన నీటి లైన్ల డ్రాయింగులు. లేకపోతే తెల్ల కాగితం, మీ ప్లంబరు.
- అమ్మోనియా, నైట్రేట్, ఫాస్ఫేట్ చూసే రంగు కిట్లు. అక్వేరియం షాపుల్లో దొరికేవి రోజువారీ పనికి చాలు.
- ఒక లీటరు కొలత జాడీ, పీహెచ్ స్ట్రిప్పులు, 10 మి.లీ. సిరంజిలు.
- కరిగిన ఆక్సిజన్ చూసే మీటరు. కొనలేకపోతే రెండు రోజులు అద్దెకు తెచ్చుకోండి, లేదా మెయింటెనెన్స్ కంపెనీని తెమ్మనండి.
- బ్లోయర్ (ట్యాంకులోకి గాలి కొట్టే యంత్రం) ప్యానెల్‌కి టైమరు. చాలా ప్యానెళ్లలో ఉంటుంది, వాడరంతే.
- నీళ్లలో కలిపే రంగు, రెండు మూడు రకాలు.
- ఒక నోటు పుస్తకం.
- ఆపరేటర్ సహకారం. ఇది లేకపోతే పైవన్నీ ఉన్నా దండగ. మొదటి రోజే ఆయన్ని కూర్చోబెట్టి, తప్పు పట్టడానికి రాలేదని చెప్పి, ఆయనకు తెలిసింది ముందు వినండి. మా ప్లాంటులో సగం రహస్యాలు నాకు డ్రాయింగుల్లో కాదు, ఆయన నోటి నుంచే తెలిశాయి.

మొదలుపెట్టే ముందు ఒక హెచ్చరిక. ఏ కారణంతోనైనా సరే, మనిషిని ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో దించకండి. "రెండు నిమిషాల పనే సార్" అన్నా ఒప్పుకోకండి. లోపలి విషవాయువు ఊపిరి తీసుకున్నంతలో ప్రాణం తీస్తుంది, కాపాడబోయి దిగినవాళ్లూ పోతారు. 2013 చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనుషులను దించడం నేరం. మిషన్ పిలిపించండి. కింద చెప్పే పనులన్నీ పైన నిలబడి చేసేవే.

1. ఏ పైపు ఎక్కడికి పోతోందో తేల్చండి

అందరూ దాటేసే మెట్టు ఇది. అసలు దొంగ చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది.

మీ కాంప్లెక్సులో రెండు లైన్లు ఉండాలి. ఒకటి మురుగు లైను, ఎస్‌టీపీకి పోతుంది. రెండోది వాన నీటి లైను, రోడ్డు పక్క నాలాకి పోయి అక్కణ్నుంచి చెరువులో కలుస్తుంది. ఈ రెండూ కలవకూడదు, కానీ కలుస్తాయి. ఎక్కువగా కలిసేది బాల్కనీలో. బాల్కనీలో వాన నీళ్ల కోసం ఒక జాలీ ఉంటుంది. వాషింగ్ మెషిన్ పెట్టడానికి లోపల చోటు లేక అక్కడ పెడతారు, మెషిన్ పైపు ఆ జాలీలో దూరుస్తారు. అంతే, ఆ ఇంటి సబ్బు నీళ్లు ఎస్‌టీపీ మొహం చూడకుండా నేరుగా చెరువుకి పోతాయి. యుటిలిటీలో అంట్లు తోమే సింకు పెట్టించుకున్నవాళ్లదీ ఇదే కథ.

మా దగ్గర ఒక బ్లాకు వెనక వాన నీటి ఛాంబర్ మూత ఎండాకాలంలో తీయించాను. ఏప్రిల్ నెల, నెల రోజులుగా చుక్క వాన లేదు. ఛాంబర్ అడుగున బొటనవేలంత ధార పారుతోంది, అంచుల్లో తెల్లటి నురగ, అందులో నాలుగు అన్నం మెతుకులు. ఆ మెతుకులు చూశాక ఇంక డ్రాయింగు విప్పాల్సిన పని లేకపోయింది.

మీరూ అలాగే చేయండి. వానలు లేని రోజున, ఉదయం 7 నుంచి 9 మధ్య, వాన నీటి ఛాంబర్లన్నీ ఒక్కొక్కటీ తెరిపించి చూడండి. పొడిగా ఉంటే మంచిది. పారుతుంటే ఎక్కడో మురుగు కలిసింది. ఏ ఫ్లాటుల వరస నుంచి వస్తోందో తేల్చడానికి పైఅంతస్తు నుంచి మొదలుపెట్టి ఒక్కో బాల్కనీ జాలీలో బకెట్ రంగు నీళ్లు పోయించండి, కింద ఛాంబర్ దగ్గర ఒకరు చూస్తుండాలి. పక్క వరసకి వేరే రంగు వాడండి, లేకపోతే ఏది ఎవరిదో తెలియదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు:

- పరీక్ష మధ్యాహ్నం పెట్టుకోవడం. ఆ వేళ ఎవరూ బట్టలు ఉతకరు, ఛాంబర్ పొడిగా కనబడుతుంది, అంతా బాగుందని రాసేస్తారు.
- ఫ్లాటు నంబర్లు వాట్సాప్ గ్రూపులో పెట్టడం. దాంతో గొడవ మొదలై పని ఆగిపోతుంది. ఇంటికెళ్లి, "ఆంటీ, మీ మెషిన్ నీళ్లు చెరువులోకి పోతున్నాయి, ప్లంబరు ఖర్చు అసోసియేషన్ పెట్టుకుంటుంది" అని చెప్పండి. మా దగ్గర ఒక్కరు కూడా కాదనలేదు.
- మురుగు లైనుకి కలపడానికి చోటు లేదని వదిలేయడం. బాల్కనీ వాన పైపుని కింద ఛాంబర్ దగ్గర మురుగు లైనుకి తిప్పేస్తే ఆ వరస మొత్తం సరిపోతుంది. కాకపోతే ఆ పైపులో డాబా మీది వాన నీళ్లు రాకుండా చూసుకోవాలి. వస్తే పెద్ద వానకి ఎస్‌టీపీ పొంగి, ట్యాంకులో బురదంతా (మురుగును తినే సూక్ష్మజీవులు ఉండేది దానిలోనే) కొట్టుకుపోతుంది.

ఇంకుడు గుంతలు కూడా ఈ రోజే చూడండి. వాటిలోకి పోయే పైపులో మురుగు గానీ ఎస్‌టీపీ నీళ్లు గానీ కలిస్తే నైట్రేటు మీ బోరులోకే చేరుతుంది. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. బోరు నీళ్లని కూడా ఒకసారి కిట్‌తో చూసుకోండి.

2. ఇప్పుడు ఎంత ఉందో కొలవండి

మూడు చోట్ల నీళ్లు తీయాలి: ఎస్‌టీపీలోకి వచ్చేచోట, బయటికి పోయేచోట, వాన నీటి లైను చివర. మొదటిసారి గుర్తింపు ఉన్న ల్యాబుకే ఇవ్వండి. బీఓడీ, సీఓడీతోపాటు "మొత్తం నత్రజని, అమ్మోనియా, నైట్రేటు, మొత్తం భాస్వరం" అని రాసి మరీ అడగండి. అడక్కపోతే చేయరు.

ఒకే క్షణంలో పట్టిన సీసా నిజం చెప్పదు. ఉదయం 7, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 7, రాత్రి 10 గంటలకు కొంచెం కొంచెం పట్టి, ఐస్ పెట్టెలో ఉంచి, కలిపి ఇవ్వండి. మర్నాడు ఉదయమే ల్యాబుకి చేర్చండి.

ల్యాబ్ రిపోర్టుకీ మీ కిట్ అంకెకీ పొంతన కుదరకపోతే కంగారు పడకండి, ముందు అంకె దేని లెక్కలో ఇచ్చారో చూడండి. ఎంతోమంది ఇక్కడ తికమక పడతారు. కిట్ "ఫాస్ఫేట్ 6" అంటే భాస్వరం 6 అని కాదు, 3.07తో భాగించాలి, అంటే సుమారు 2. నైట్రేట్ అంకెను 4.43తో భాగిస్తే నత్రజని వస్తుంది. "నైట్రేట్ 44" అంటే నత్రజని 10. ఈ రెండు భాగహారాలూ నోటు పుస్తకం అట్ట మీద పెద్దక్షరాలతో రాసి పెట్టుకోండి.

3. పుట్టేచోటే తగ్గించండి

ఇది మీటింగు పెట్టి చెప్పే పని, ఎక్కువ రాయక్కర్లేదు. ఫాస్ఫేట్ లేదని లేబుల్ మీద రాసి ఉన్న బట్టల సబ్బు పొడి, గిన్నెల మెషిన్ బిళ్లలు వాడమనండి. స్విట్జర్లాండ్ 1986లోనే బట్టల సబ్బుల్లో ఫాస్ఫేట్‌ను నిషేధించింది, మనం కనీసం లేబుల్ చదివి కొనొచ్చు. మిగిలిన పప్పు, పెరుగు, చారు సింకులో పోయొద్దు. ముక్కలు నూరి సింకులోకే తోసే మెషిన్లు అసలే వద్దు, ఆ నత్రజనంతా ఎస్‌టీపీ మీదే పడుతుంది. మన పెద్దవాళ్లు బియ్యం కడిగిన నీళ్లు కుడితి తొట్టిలో పోసేవారు. ఇప్పుడు గేదె లేకపోయినా బాల్కనీలో కరివేపాకు కుండీ ఉంది కదా, దానికి పోయండి.

హౌస్‌కీపింగ్‌వాళ్లకు విడిగా చెప్పాల్సింది ఒకటుంది. సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులు కడిగిన రోజు బ్లీచింగ్ నీళ్లన్నీ ఒక్కసారిగా డ్రైనేజీలోకి వదిలితే ఎస్‌టీపీలో అమ్మోనియాను తినే సూక్ష్మజీవులు చస్తాయి. అవి మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది. రెండు మూడు రోజులకు విడదీసి కొద్దికొద్దిగా వదలమనండి.

4. బ్లోయర్ టైమరు: నత్రజని పోయేది ఇక్కడే

ఈ ఒక్క మెట్టు సరిగా చేస్తే సగానికి పైగా పని అయినట్టే. కాబట్టి నెమ్మదిగా చదవండి.

నత్రజని రెండు దశల్లో పోతుంది. మొదట గాలి బాగా ఉన్నప్పుడు అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. తరవాత గాలి లేనప్పుడు నైట్రేటు నత్రజని వాయువుగా మారి ఆకాశంలోకి పోతుంది. రెండూ కావాలి, ఆ వరసలోనే కావాలి.

మన దగ్గర ఎక్కువగా జరిగేది రెండే రకాలు. కరెంటు బిల్లు తగ్గించాలని రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా బ్లోయర్ ఆపేస్తారు. ఆరు గంటలు గాలి లేక అమ్మోనియా తినేవి నీరసించిపోతాయి, మొదటి దశే జరగదు. లేదంటే భయపడి 24 గంటలూ నడుపుతారు. అమ్మోనియా పోతుంది, నైట్రేటు మాత్రం మొత్తం మిగిలిపోయి చెరువుకి పోతుంది. రెండో రకంవాళ్ల నీళ్లే అందరికన్నా తేటగా ఉంటాయి, అందుకే వాళ్లకి అనుమానమే రాదు.

చేయాల్సింది:

(అ) ముందు అమ్మోనియా. రెండు మూడు వారాలు బ్లోయర్ ఆపకుండా నడపండి. బ్లోయర్ నడుస్తుండగా ఎయిరేషన్ ట్యాంకులో (గాలి కొట్టే ట్యాంకు) కరిగిన ఆక్సిజన్ లీటరుకు 2 మిల్లీగ్రాములు ఉండాలి. బయటికొచ్చే నీళ్లలో అమ్మోనియా 1, 2కి దిగేదాకా ఇక్కణ్నుంచి కదలొద్దు. దిగకపోతే చూడాల్సినవి: అడుగున బుడగలు వదిలే డిఫ్యూజర్లు మూసుకుపోయాయా, అంటే బుడగలు ఒక మూలే గుప్పుగా వస్తున్నాయా, బురదను మరీ ఎక్కువగా తీసేస్తున్నారా, పీహెచ్ 6.8 కన్నా తగ్గిందా. అమ్మోనియా మారేటప్పుడు నీళ్లలోని క్షారాన్ని తింటుంది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి 7 మిల్లీగ్రాములకు పైగా పోతుంది. గట్టి బోరు నీళ్లు వాడేవాళ్లకి ఈ ఇబ్బంది సాధారణంగా రాదు. నల్లా నీళ్లే వాడేచోట పీహెచ్ పడిపోతే తినే సోడా కొద్దిగా కలపాల్సి వస్తుంది.

(ఆ) తరవాత టైమరు. 90 నిమిషాలు నడవడం, 40 నిమిషాలు ఆగడం, ఇలా రోజంతా. ఆగిన వేళ ఆక్సిజన్ 0.3 కన్నా కిందికి దిగాలి. దిగకపోతే ఆగే సమయం ఐదు నిమిషాలు పెంచండి. వారానికి ఒక్క మార్పే చేయండి. ఒకేసారి నాలుగు మార్చి ఏది పనిచేసిందో తెలియక తల పట్టుకున్నవాళ్లని చూశాను.

(ఇ) ఆగిన వేళ బురద అడుగున పేరుకోకుండా తిప్పే మిక్సర్ ఉంటే చాలా మంచిది. లేకపోయినా 40 నిమిషాలకి ఫర్వాలేదు.

జాగ్రత్త: చిన్న ప్లాంట్లలో చాలావాటికి బురదను వెనక్కి తెచ్చే పైపు కూడా బ్లోయర్ గాలితోనే నడుస్తుంది. బ్లోయర్ ఆపితే అదీ ఆగి, సెటిలింగ్ ట్యాంకులో (బురద కిందికి దిగి నీళ్లు తేరుకునే ట్యాంకు) బురద పేరుకుంటుంది. మీది ఏ రకమో ఆపరేటర్‌ని అడగండి. గాలితో నడిచేదైతే ఆగే సమయం 30 నిమిషాలు దాటించకండి, లేదా దానికి విడిగా చిన్న పంపు పెట్టించండి.

మీ ప్లాంటు ఇలా ఎయిరేషన్, సెటిలింగ్ ట్యాంకులున్న మామూలు రకం కాక వేరే రకం అయితే: ఎస్‌బీఆర్‌లో (అన్ని దశలూ ఒకే ట్యాంకులో వంతులవారీగా నడిచే రకం) గాలి లేని దశ సైకిల్‌లోనే ఉంటుంది, ఎవరో దాన్ని తగ్గించారేమో ప్యానెల్‌లో చూడండి. ఎంబీఆర్‌లో (మెంబ్రేన్ అనే సన్నని పొరతో వడకట్టే రకం) ముందు గాలి లేని ట్యాంకు ఉంటుంది, దానిలోకి నీళ్లను తిప్పి పంపే పంపు నడుస్తోందో లేదో చూడండి, చాలాచోట్ల అది కాలిపోయి ఏళ్లు అయి ఉంటుంది. మెంబ్రేన్ కింద తగిలే గాలి మాత్రం ఆపకండి. ప్లాస్టిక్ చక్రాలు తిరిగే ఎంబీబీఆర్‌కి టైమరు అంతగా పనిచేయదు. దానికి ముందొక గాలి లేని ట్యాంకు, దానిలోకి నీళ్లు తిప్పే పంపు కావాలి, ఖర్చుంటుంది.

ఇంకో పొరపాటు మొదటి ట్యాంకులో జరుగుతుంది. మురుగు చేరే కలెక్షన్ ట్యాంకులో వాసన రాకూడదని గాలి దంచి కొడతారు. రెండో దశ సూక్ష్మజీవులకు తిండి ఆ మురుగులో ఉన్న పదార్థమే. అక్కడే దాన్ని కాల్చేస్తే నైట్రేటు మిగిలిపోతుంది. కదిలేంత గాలి చాలు.

ఫలితం ఎలా తెలుస్తుంది? కొలత జాడీలో ఎయిరేషన్ ట్యాంకు నీళ్లు లీటరు పట్టి 30 నిమిషాలు కదపకుండా ఉంచండి. గోధుమ రంగు బురద కిందికి దిగి పైన తేట నీళ్లు మిగలాలి. దాన్ని అలాగే ఇంకో గంట, రెండు గంటలు వదిలేయండి. దిగిన బురద ముద్దలు ముద్దలుగా చిన్న బుడగలతో పైకి లేస్తే నీళ్లలో నైట్రేటు ఇంకా చాలా ఉందన్నమాట. అది చూసి "బురద చచ్చిపోయింది సార్, కల్చర్ పొడి కొనాలి" అంటారు, అంటే సూక్ష్మజీవుల పొడి. బురద చావలేదు. ట్యాంకులో జరగాల్సిన రెండో దశ జాడీలో జరుగుతోంది, అంతే. పొడి కొనకండి, ఆగే సమయం సరిచేయండి.

5. భాస్వరానికి పటిక

భాస్వరం గాలిలోకి పోదు. దాన్ని బురదలోకి దించి, ఆ బురదను బయటికి తీయడమొక్కటే దారి. పటిక చవక, దొరకడం తేలిక. ఇనుము లేని రకం ఆలం అని అడిగి కొనండి. ఫెర్రిక్ క్లోరైడ్ కూడా పనిచేస్తుంది, కానీ అది చర్మాన్నీ ఇనుప పైపుల్నీ తినేస్తుంది. అలవాటు లేనివాళ్లకి నేను చెప్పను.

మోతాదు ఊహించి వేయకండి, సీసాల్లో తేల్చుకోండి. 10 గ్రాముల పటిక లీటరు నీళ్లలో కరిగిస్తే ఆ ద్రావణం ఒక మి.లీ.లో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. నాలుగు లీటరు సీసాల్లో సెటిలింగ్ ట్యాంకు దాటిన నీళ్లు పట్టి, సిరంజితో 4, 6, 8, 10 మి.లీ. కలపండి. నిమిషం గట్టిగా, పావుగంట మెల్లగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచండి. పై నీళ్లను వడగట్టు కాగితంలో వడకట్టి ఫాస్ఫేట్ చూడండి. 3 కన్నా తగ్గిన మొదటి సీసా మీ మోతాదు. అదే భాస్వరం 1.

అందాజాకి చెప్పాలంటే ఒక మిల్లీగ్రాము భాస్వరానికి 15 నుంచి 20 మిల్లీగ్రాముల పటిక పడుతుంది. రోజుకు 108 కిలోలీటర్లు వచ్చే 200 ఫ్లాట్ల కాంప్లెక్సులో భాస్వరం 5 నుంచి 1కి దించాలంటే లీటరుకు 70 మిల్లీగ్రాములు, రోజుకు ఏడున్నర కిలోలు.

పోసే చోటు ముఖ్యం. ఎయిరేషన్ ట్యాంకు చివర, నీళ్లు సెటిలింగ్ ట్యాంకులోకి పడేచోట, చిన్న డోసింగ్ పంపుతో రోజంతా చుక్కచుక్కగా పడాలి. ఉదయం ఒక బకెట్, సాయంత్రం ఒక బకెట్ పోస్తే ఆ గంట పీహెచ్ పడిపోతుంది, మిగతా 22 గంటలు భాస్వరం వెళ్లిపోతుంది. ఇసుక ఫిల్టర్ ముందు పోస్తే ఫిల్టర్ పూడుకుపోతుంది. పటిక డబ్బా, క్లోరిన్ ద్రావణం డబ్బా పక్కపక్కన పెట్టకండి, ఒకదాని మగ్గు ఇంకోదానిలో ముంచకండి. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది.

6. బురద ఎక్కడికి పోతోంది?

అయిదో మెట్టులో కష్టపడి పట్టిన భాస్వరమంతా ఇప్పుడు బురదలో ఉంది. రాత్రి ఎవరూ చూడకుండా ఆ బురదను నాలాలోకి వదిలేస్తే చేసిందంతా వృథా. నెలకు ఎన్ని బస్తాల బురద తీశారో రాయించండి. ప్లాంటు నడుస్తూ, పటిక పడుతూ, బురద బస్తాలు సున్నా అంటే అది ఎక్కడికో పోతోందని అర్థం. ఫిల్టర్ ప్రెస్ (బురదలోంచి నీళ్లు పిండే మిషన్) గుడ్డలు చిరిగిపోయి మూలన పడి ఉంటే ముందు ఆ ఖర్చు పెట్టండి. బురద ట్యాంకులో వారాల తరబడి నిల్వ ఉంచినా కుళ్లి, నత్రజని, కొంత భాస్వరం మళ్లీ నీళ్లలోకి వస్తాయి. వారానికి రెండుసార్లైనా పిండి ఎండబెట్టండి. ఆ ఎండిన బురద ఆకుకూర మళ్లకి వద్దు.

7. తోటకి ఎరువు ఆపండి

శుద్ధి చేసిన నీళ్లు తోటకి పోస్తూనే నెలనెలా యూరియా, డీఏపీ చల్లిస్తున్న కమిటీలు ఎన్నో. లెక్క చూడండి. ఆ నీళ్లలో లీటరుకు 20 మిల్లీగ్రాముల నత్రజని ఉంటే, వెయ్యి లీటర్లలో 20 గ్రాములు, అంటే దాదాపు 43 గ్రాముల యూరియా. రోజుకు 4 వేల లీటర్లు పోసే లాన్‌కి నెలలో 5 కిలోల యూరియా నీళ్లతోనే అందుతోంది. పైన చల్లిందంతా మొదటి వానకి నాలాలోకే. మా దగ్గర మూడేళ్లుగా ఒక్క బస్తా కొనలేదు, గడ్డి పచ్చగానే ఉంది.

8. వానలకు ముందు

ఎండాకాలమంతా నేల మీద పేరుకున్నది జూన్ మొదటి వానలో ఒక్కసారిగా కొట్టుకుపోతుంది. కాబట్టి మే చివరి వారంలో వాన నీటి ఛాంబర్లు, పార్కింగు, డాబా ఊడ్పించండి. నీళ్లు కొట్టి కడగొద్దు, చీపురుతో ఎత్తాలి. ఎండుటాకుల్ని కాలువలోకి తోయడం, తడి చెత్త ఎరువు గుంత నుంచి కారే నల్ల నీళ్లు కాలువలో పడటం, కుక్కల పెంట లాన్‌లో వదిలేయడం, ఈ మూడూ ఆపించండి. కుక్కలున్నవాళ్లకి సంచులు, ఒక డబ్బా ఏర్పాటు చేయండి. తిట్టడంకన్నా డబ్బా దగ్గరలో ఉండటమే పనిచేస్తుంది.

స్థలం ఉంటే కాలువ చివరి 10, 15 మీటర్లు సిమెంటు తీసేసి, వెడల్పుగా, లోతు తక్కువగా గడ్డి కాలువ చేయించండి. అంచుల్లో వట్టివేరు, మెట్టతామర పెట్టండి. నీళ్లు మెల్లగా పారి మట్టిని అక్కడే వదులుతాయి, భాస్వరం ఎక్కువగా అంటుకుని ఉండేది ఆ మట్టికే. ఆ మట్టిని ఏటా తీయాలి. నీళ్లు రెండు రోజులకు మించి నిలవకూడదు, నిలిస్తే దోమలు.

"చెరువులోనే తేలే మొక్కల తెప్పలు పెడితే చాలదా?" అని అడుగుతుంటారు. నెక్నాంపూర్ చెరువులో 2018లో అలాంటి తెప్ప పెట్టారు. మంచి పనే. కానీ మొక్క పీల్చుకున్న ఎరువు మొక్కలోనే ఉంటుంది. కోసి బయటికి తీసుకెళ్లకపోతే కుళ్లి మళ్లీ నీళ్లలోకే. గుర్రపు డెక్క తీసి గట్టు మీద కుప్ప వేసినా అంతే, వానకి ఆ రసమంతా చెరువులోకి దిగుతుంది. లారీ ఎక్కించాలి.

9. నోటు పుస్తకంలో రాయాల్సినవి

వారానికోసారి, అదే రోజు, అదే వేళ: బయటికొచ్చే నీళ్ల అమ్మోనియా, నైట్రేటు, ఫాస్ఫేట్, పీహెచ్, జాడీలో బురద మట్టం, బ్లోయర్ నడిచిన, ఆగిన నిమిషాలు, పటిక కిలోలు, బురద బస్తాలు. నెలకోసారి వాన నీటి ఛాంబర్ పొడిగా ఉందా లేదా. మూడు నెలలకోసారి ల్యాబ్. కమిటీ మారినా పుస్తకం మారకూడదు.

అంకెల్ని ఇలా చదవండి. అమ్మోనియా ఎక్కువ, నైట్రేటు తక్కువ ఉంటే గాలి చాలట్లేదు. అమ్మోనియా తక్కువ, నైట్రేటు ఎక్కువ ఉంటే ఆగే సమయం చాలట్లేదు. రెండూ తక్కువ ఉంటే సంతోషమే, కానీ ఇన్‌లెట్ కూడా చూడండి, ఎక్కడో బోరు నీళ్లు లీకై మురుగు పలచబడి ఉండొచ్చు. ఎస్‌టీపీ అంకెలన్నీ బాగుండి వాన నీటి లైను చివర అమ్మోనియా కనబడితే మళ్లీ మొదటి మెట్టుకి వెళ్లండి, ఎవరో కొత్తగా మెషిన్ పెట్టుకున్నారు.

చెరువు సంగతి వేరు. మీ అవుట్‌లెట్‌లో మార్పు వారాల్లో తెలుస్తుంది, చెరువులో ఏళ్లు పడుతుంది. సియాటెల్‌లో ఉన్న మనవాళ్లు రోజూ వంతెన మీద దాటే లేక్ వాషింగ్టన్‌లోకి ఒకప్పుడు చుట్టుపక్కల ఊళ్ల మురుగు ప్లాంట్ల నీళ్లే వచ్చేవి. 1963లో మళ్లించడం మొదలుపెట్టి 1968కి పూర్తి చేశాక ఆ నీళ్లు తేరుకున్నాయి. అది లోతైన సరస్సు. మన చెరువులు లోతు తక్కువ, అడుగున ఏళ్లనాటి బురద ఉంది, దానిలోంచి భాస్వరం ఇంకా ఊరుతూనే ఉంటుంది. పైగా మీ ఒక్క కాంప్లెక్సు నీళ్లే కాదు అందులోకి వచ్చేది. అందుకే పక్క అపార్ట్‌మెంట్‌వాళ్లకి మీ నోటు పుస్తకం చూపించండి, ఒక ఆదివారం మీ ప్లాంటు దగ్గరికి పిలవండి.

చెరువుని చూడటానికి ఒక అడుగు కన్నా కొంచెం తక్కువ వెడల్పున్న తెల్ల పళ్లెం తీసుకుని, కింద రాయి, పైన ముడులు వేసిన తాడు కట్టండి. తూము దగ్గర గట్టు మీద నిలబడి మెల్లగా దించండి, పళ్లెం కనబడకుండా పోయినచోట ముడి లెక్కపెట్టండి. ప్రతి నెలా అదే చోట, పగలు 11, 12 మధ్య. గుర్రపు డెక్క కమ్మేసిన చోట కాకుండా తెరిపి ఉన్న చోట చూడండి. మా చెరువులో మొదలుపెట్టినప్పుడు ఒక జానకే పళ్లెం మాయమయ్యేది. పోయిన ఫిబ్రవరిలో మూరెడు దాకా కనబడింది.